తొంభై రోజుల్లో చేరాల్సిన కాగితం



న్యూజెర్సీలో ఉంటున్న తెలుగు కుటుంబాలకూ, పిల్లల దగ్గర నాలుగైదు నెలలు ఉండి పోదామని వచ్చిన అమ్మానాన్నలకూ పనికొచ్చే సంగతి ఒకటి ఈ ప్రసంగంలో విందాం. ఇది కోర్టు తీర్పుల సంగతే. కానీ మొదలయ్యేది మాత్రం ఒక చిన్న పైపు దగ్గర.

అట్లాంటిక్ సిటీకి దగ్గర్లో ఎగ్ హార్బర్ టౌన్‌షిప్ అని ఒక ఊరుంది. అక్కడ సైడ్‌వాక్ మీద నడుస్తున్న ఒకరు కాలు తట్టుకుని పడిపోయారు. కాలికి తగిలింది నేలలోంచి పొడుచుకొచ్చిన పైపు. దెబ్బ తగిలిన వాళ్ల తరఫున టౌన్‌షిప్‌కి నోటీసు వెళ్లింది. గడువు లోపలే వెళ్లింది. ఊళ్లో సైడ్‌వాక్ మీద ఉన్న పైపు ఊరి మున్సిపాలిటీదే కదా అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

తీరా చూస్తే ఆ పైపు టౌన్‌షిప్‌ది కాదు. అదే ఊళ్లో మురుగునీటి పనులు చూసే మున్సిపల్ యుటిలిటీస్ అథారిటీది. పేరులో మున్సిపల్ అని ఉంది. ఊరూ అదే. కానీ చట్టం దృష్టిలో అది వేరే సంస్థ. దానికి వేరే నోటీసు పంపాలి. ఆ సంస్థను కేసులోకి తెచ్చేసరికి ఏడాది దాటిపోయింది. ఆ సంస్థ మీద దావా చెల్లదని 2011లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తేల్చేసింది. పైపు ఎవరిదో కనుక్కోవడానికి సకాలంలో ప్రయత్నం జరగలేదని తప్పుపట్టింది. దెబ్బ నిజమా, పైపు ప్రమాదకరమా అన్న ప్రశ్నల దాకా ఆ కేసు వెళ్లనే లేదు.

ఈ ప్రసంగంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రభుత్వ సంస్థకు చెందిన స్థలంలో దెబ్బ తగిలితే, 90 రోజుల్లో, ఆ స్థలం ఏ సంస్థదో ఆ సంస్థకే, రాతపూర్వకంగా నోటీసు చేరాలి. 90 రోజులు. సరైన సంస్థ. రాతలో. ఈ మూడు మాటలూ గుర్తుంటే చాలు, మిగతాది చాలావరకు వీటి చుట్టూ తిరిగేదే.

ఈ 90 రోజుల లెక్క ఎక్కడిది? న్యూజెర్సీలో 1972లో టోర్ట్ క్లెయిమ్స్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం, కౌంటీ, టౌన్‌షిప్, పబ్లిక్ స్కూల్, ఎన్‌జే ట్రాన్సిట్ లాంటి ప్రభుత్వ సంస్థల మీద నష్టపరిహారం అడగాలంటే ఈ చట్టం చెప్పిన దారిలోనే వెళ్లాలి. మొదటి మెట్టు నోటీసు. నోటీసు ఇచ్చాక ఆరు నెలలు ఆగాలి. ఆ తర్వాతే కోర్టుకు వెళ్లాలి. మొత్తం మీద రెండేళ్ల లోపల దావా పడాలి.

మామూలు దుకాణం మీదో, పక్కింటాయన మీదో దావా వేయాలంటే ఈ నోటీసు గొడవ లేదు. రెండేళ్ల గడువు ఒక్కటే ఉంటుంది. అందుకే చాలామంది, రెండేళ్లు ఉంది కదా, ముందు ఒళ్లు బాగుపడనీ, తర్వాత చూద్దాం అనుకుంటారు. ఆ రెండేళ్ల మాట నిజమే. కానీ ఎదుట ఉన్నది మున్సిపాలిటీ అయితే అసలు గండం మూడో నెల చివర్లోనే ఉంది.

ఇండియాలో కోర్టు వ్యవహారాలు తెలిసిన పెద్దలకు ఇక్కడ ఒక సందేహం వస్తుంది. అక్కడ కూడా ప్రభుత్వం మీద దావాకు నోటీసు ఇవ్వాలి కదా, ఇందులో కొత్తేముంది అని. ఉంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం దావా వేయడానికి రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అక్కడ లెక్క దావా వేసే రోజు నుంచి వెనక్కి నడుస్తుంది. న్యూజెర్సీలో లెక్క దెబ్బ తగిలిన రోజు నుంచి ముందుకు నడుస్తుంది. అక్కడి అలవాటుతో ఇక్కడ కూర్చుంటే గడువు కాస్తా దాటిపోతుంది.

ఇప్పుడు ఒక ఇంటి ఉదాహరణ చూద్దాం. ఎడిసన్‌లో ఒక కుటుంబం ఉందనుకోండి. విజయవాడ నుంచి అమ్మ వచ్చారు. జనవరి 10న మనవణ్ణి స్కూలు బస్సు ఎక్కించి వస్తూ, పగిలి పైకి లేచిన సైడ్‌వాక్ పలక తట్టుకుని పడ్డారు. మణికట్టు విరిగింది. అది టౌన్‌షిప్ పార్కు పక్కనున్న సైడ్‌వాక్. కట్టు కట్టించారు. ఆరు వారాలకు కట్టు విప్పారు. చెయ్యి పూర్తిగా తిరగడం లేదు. ఫిజియోథెరపీకి వెళ్లారు. అది అయ్యేసరికి మార్చి నెలాఖరు. ఏప్రిల్‌లో అమ్మ తిరుగు ప్రయాణం. సామాన్లు సర్దడం, బంధువులకు వస్తువులు కొనడం, ఆ హడావుడి తెలిసిందే. అమ్మ విజయవాడ చేరాక చెయ్యి నొప్పి తగ్గలేదని, ఎముక సరిగా అతకలేదని అక్కడి డాక్టరు చెప్పారు. అప్పుడు కొడుకు ఎడిసన్‌లో లాయరు దగ్గరికి వెళ్లాడు. అప్పటికి ఏప్రిల్ 20. జనవరి 10 నుంచి లెక్కేస్తే 90 రోజులు ఏప్రిల్ 10కే నిండాయి.

అయ్యో, ఎముక అతకలేదని తెలిసింది ఇప్పుడే కదా, గడువు ఇప్పటి నుంచి లెక్కపెట్టకూడదా అని అడగొచ్చు. ఎన్‌జే ట్రాన్సిట్ బస్సు ప్రమాదం ఒకటి ఇదే ప్రశ్నతో రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 సంవత్సరంలో తీర్పు వచ్చింది. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచే మొదలవుతుందని కోర్టు చెప్పింది. దెబ్బ శాశ్వతమా కాదా అన్నది తర్వాత తేలినా సరే, నోటీసు మాత్రం ముందే ఇవ్వాలి. కాబట్టి దెబ్బ ఎంత పెద్దదో తేలాక పంపుదాం అనుకోకండి. ముందు నోటీసు పంపండి. వైద్యం దాని దారిన అది సాగుతుంది.

గడువు దాటితే దారి పూర్తిగా మూసుకుపోతుందా? ఒక చిన్న సందు ఉంది. ఏడాది లోపల కోర్టును అడిగి, ఆలస్యానికి అసాధారణమైన కారణం ఉందని చూపించాలి. ఆ ఆలస్యం వల్ల ఎదుటి సంస్థకు పెద్ద నష్టం జరగలేదని కూడా తేలాలి. అయితే అసాధారణమైన కారణం అంటే కోర్టులు చాలా గట్టిగా చూస్తున్నాయి. 2013లో ఒక ప్రభుత్వ వైద్య విశ్వవిద్యాలయం మీద వచ్చిన కేసులో ఈ సంగతి స్పష్టమైంది. బాధితురాలు తాను పడిన మానసిక ఒత్తిడిని కారణంగా చూపారు. లాయరు పట్టించుకోలేదనీ చెప్పారు. రెండూ చాలవని సుప్రీంకోర్టు అంది. లాయరుకు అప్పగించాం, ఇక ఆయనే చూసుకుంటారులే అని ఊరుకుంటే లాభం లేదని ఆ తీర్పు చెబుతోంది. నోటీసు వెళ్లిందా అని అడగండి. వెళ్లిన నోటీసు కాపీ ఇంట్లో పెట్టుకోండి.

ఇక రాత సంగతి. మున్సిపాలిటీకి ఈమెయిల్ పెట్టాం, ఫోన్లో మాట్లాడాం, వాళ్ల మనిషి వచ్చి చూసి వెళ్లాడు, ఇవి చాలవా? 2021లో యూనియన్ కౌంటీ మీద వచ్చిన కేసు దీనికి జవాబు. అది అద్దె వివాదం. ఒక భవనం యజమాని తరఫు లాయర్లు కౌంటీకి ఉత్తరాలు రాశారు. తమ అభ్యంతరాలన్నీ వాటిలో పెట్టారు. ఆ ఉత్తరాలనే నోటీసుగా లెక్కవేయమని అడిగారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చట్టం అడిగిన వివరాలతో, చట్టం చెప్పిన రూపంలో నోటీసు ఉండాలంది. లాయర్లు రాసిన ఉత్తరాలకే ఆ గతి పడితే, మనం ఫోన్లో చెప్పిన మాటకు ఏం విలువ ఉంటుంది?

పెళ్లి ముహూర్తం దాటిపోయాక ఎంత పెద్ద పురోహితుడు వచ్చినా ఆ ఘడియను వెనక్కి తేలేడు. ఈ 90 రోజులూ అలాంటివే.

సరైన సంస్థ అన్నాం కదా. అసలు సైడ్‌వాక్ ఎవరిది? ఎవరు బాగుచేయాలి? న్యూజెర్సీ కోర్టులు నలభై ఏళ్లకు పైగా ఈ ప్రశ్న మీద తీర్పులు ఇస్తూనే ఉన్నాయి.

1981కి ముందు ఇంటి ముందు సైడ్‌వాక్ పాడైనా, కొట్టు ముందు పాడైనా, పక్కనున్న యజమానికి పెద్దగా బాధ్యత లేదు. ఆ ఏడాది న్యూఆర్క్‌లో ఒక మద్యం దుకాణం నుంచి బయటికొచ్చి, పాడైపోయిన సైడ్‌వాక్ మీద పడిన మనిషి కేసులో సుప్రీంకోర్టు పాత పద్ధతి మార్చేసింది. వ్యాపార స్థలం యజమాని తన ముందున్న సైడ్‌వాక్‌ను సరిగ్గా ఉంచాలంది. 1983లో మంచు, ఐసు తొలగించే బాధ్యత కూడా కలిపింది. సొంతంగా కాపురం ఉండే ఇళ్లకు మాత్రం ఈ భారం వేయలేదు.

మరి అపార్ట్‌మెంట్లు? హోబోకెన్‌లో పెద్ద కాండో భవనం ముందు ఐసు మీద ఒకరు జారిపడ్డారు. కాండోలో ఉండేది ఇళ్లవాళ్లే కాబట్టి అది నివాసమే, బయటి పబ్లిక్ సైడ్‌వాక్ మీద దానికి ఆ బాధ్యత లేదని 2011లో సుప్రీంకోర్టు అంది. నాలుగేళ్లకు, 2015లో, ప్లెయిన్స్‌బరోలోని ఒక కమ్యూనిటీ కేసు వచ్చింది. అక్కడ నివాసి ఒకరు జారిపడింది కమ్యూనిటీ లోపలి దారి మీద. కింది కోర్టూ, అప్పీలు కోర్టూ హోబోకెన్ తీర్పు చూపించి కేసు కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఆ తీర్పులను రద్దు చేసింది. అది పబ్లిక్ సైడ్‌వాక్ కాదు, అసోసియేషన్ సొంత దారి, అందరి దగ్గరా డబ్బు వసూలు చేసి చూసుకోవాల్సింది ఆ అసోసియేషనే అంది. ప్లెయిన్స్‌బరోలో, సౌత్ బ్రన్స్‌విక్‌లో టౌన్‌హౌసుల్లో ఉంటున్న మనవాళ్లు చాలామంది నెలనెలా హెచ్ఓఏ, అంటే ఇళ్ల యజమానుల అసోసియేషన్, ఫీజు కడుతూనే ఉన్నారు. కాబట్టి పడిన చోటు కమ్యూనిటీ లోపలా బయటా అన్నది చాలా ముఖ్యం. నాలుగడుగుల తేడాలో బాధ్యుడే మారిపోతాడు.

2024 జూన్‌లో మరో తీర్పు వచ్చింది. కామ్డెన్‌లో ఖాళీగా పడి ఉన్న వ్యాపార స్థలం అది. పెట్టుబడి కోసం కొని వదిలేశారు. కట్టడం లేదు, అద్దె లేదు, ఆదాయం లేదు. దాని ముందు సైడ్‌వాక్ మీద ఒకరు పడ్డారు. ఆదాయం లేని ఖాళీ స్థలానికి బాధ్యత ఏముందని కింది కోర్టూ, అప్పీలు కోర్టూ అన్నాయి. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వ్యాపార స్థలం ఖాళీగా ఉన్నా సరే, దాని ముందు సైడ్‌వాక్‌ను సరిగ్గా ఉంచాల్సిందే అంది. నడిచే మనిషికి ఆ స్థలంలో వ్యాపారం సాగుతోందా లేదా అన్నదాంతో పనేముంది? భవిష్యత్తులో ధర పెరుగుతుందని కమర్షియల్ స్థలం కొని పెట్టుకున్న శ్రోతలు ఈ తీర్పును ప్రత్యేకంగా గమనించాలి. ఆ ఖాళీ స్థలానికి కూడా లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉందా లేదా ఈ వారంలోనే చూసుకోండి.

మంచు పడుతున్నప్పుడు సంగతేమిటి? 2015 జనవరిలో ప్రిన్స్‌టన్‌లో ఉద్యోగానికి నడిచి వెళ్తున్న ఒకరు బ్లాక్ ఐస్ మీద జారిపడ్డారు. వాన పడుతూనే గడ్డకడుతున్న పొద్దు అది. కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మంచు తుఫాను నడుస్తుండగానే సైడ్‌వాక్ శుభ్రం చేయాల్సిన బాధ్యత వ్యాపార యజమానికి లేదని 2021 జూన్‌లో తీర్పు చెప్పింది. తుఫాను ఆగాక, సమంజసమైన సమయంలో తీయాలి. దీనికి రెండు మినహాయింపులు పెట్టింది. యజమాని చేసిన పని వల్లే ప్రమాదం పెరిగితే బాధ్యత ఉంటుంది. ముందు నుంచే అక్కడ ప్రమాదం ఉంటే కూడా బాధ్యత ఉంటుంది. అందుకే పడినవాళ్లు తారీఖుతో పాటు గంట కూడా రాసుకోవాలి. అప్పుడు మంచు పడుతోందా, ఆగి ఎంతసేపైంది అన్నది రాయాలి.

సొంత ఇంటివాళ్ల సంగతి కూడా ఒక్క మాట. ఇంటి ముందు సహజంగా పడిన మంచు మీద ఎవరైనా జారితే సాధారణంగా నష్టపరిహారం బాధ్యత రాదు. కానీ మీ డౌన్‌స్పౌట్ నీళ్లు సైడ్‌వాక్ మీదికి పారి, రాత్రికి గడ్డకట్టి, తెల్లారి ఎవరైనా పడితే లెక్క మారుతుంది. ఆ ప్రమాదం మీరు తెచ్చిపెట్టింది అవుతుంది. ఇక మంచు తీయనందుకు టౌన్‌షిప్ జరిమానా వేయొచ్చు. జరిమానా వేరు, నష్టపరిహారం వేరు. సగం ఇల్లు అద్దెకిచ్చి సగంలో ఉంటే, ఆ ఇల్లు ప్రధానంగా కాపురానికా, ఆదాయానికా అని అప్పీలు కోర్టులు పరిశీలిస్తాయి.

మరి బాధ్యత మున్సిపాలిటీదే అని తేలితే, 90 రోజుల్లో నోటీసు ఇస్తే, డబ్బు వచ్చేసినట్టేనా? కాదు. నోటీసు తలుపు తెరుస్తుంది, అంతే. లోపల చాలా గట్టి పరీక్షలున్నాయి. ఆ స్థలం నిజంగా ప్రమాదకరంగా ఉందని చూపాలి. ఆ సంగతి మున్సిపాలిటీకి తెలుసు, లేదా తెలిసి ఉండాలి అని చూపాలి. అది తీసుకున్న చర్య, లేదా తీసుకోకపోవడం, ఎవరు చూసినా ఇదేం తీరు అనేటంత అసమంజసంగా ఉండాలి.

ఎసెక్స్ కౌంటీలో రోడ్డు అంచున కుంగిన చోట సైకిలు పడి ఒక మహిళ చనిపోయారు. ఆ కేసు 2012లో సుప్రీంకోర్టులో తేలింది. ప్రమాదానికి సుమారు ఐదు వారాల ముందే కౌంటీ మనుషులు ఆ రోడ్డు మీద గుంతలు పూడ్చి వెళ్లారు. ఈ చిన్న పల్లం మాత్రం మిగిలిపోయింది. రోడ్డు అంచు సైకిళ్ల కోసం వేసింది కాదనీ, ఇంత చిన్న పల్లం పూడ్చకపోవడం అంతటి అసమంజసం కాదనీ కోర్టు అంది. ఒక ప్రాణం పోయింది, అయినా పరిహారం రాలేదు. ఇది వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ చట్టం ఎంత గట్టిదో ముందే తెలిస్తేనే మనం జాగ్రత్తగా ఉంటాం. వీధుల్లో మంచు తీసే విషయంలో మున్సిపాలిటీలకు ఇంకా పెద్ద రక్షణే ఉంది.

డబ్బు విషయంలోనూ గీత ఉంది. నొప్పికీ, బాధకూ పరిహారం కావాలంటే దెబ్బ శాశ్వతంగా మిగలాలి. వైద్యం ఖర్చు 3,600 డాలర్లు దాటాలి. రెండూ ఉండాలి. పైగా మీ హెల్త్ ఇన్సూరెన్స్ నుంచి వచ్చిన సొమ్మును ప్రభుత్వ సంస్థ ఇవ్వాల్సిన దాంట్లోంచి మినహాయిస్తారు.

ఇక్కడి నుంచి ఇన్సూరెన్స్ వైపు తిరుగుదాం. ఆలస్యం విషయంలో ఇన్సూరెన్స్ చట్టం కొంచెం మెత్తగా ఉంటుంది. పాలసీలో వెంటనే తెలియజేయాలి అని రాసి ఉంటుంది. ఆలస్యమైతే? 1968లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఒక ఆటో ఇన్సూరెన్స్ కంపెనీ కేసులో ఒక నియమం పెట్టింది. ఆలస్యం అయిందన్న ఒక్క కారణంతో కంపెనీ చేతులు దులుపుకోకూడదు. ఆ ఆలస్యం వల్ల తనకు చెప్పుకోదగ్గ నష్టం జరిగిందని కంపెనీయే చూపించాలి. ఇల్లు, కారు పాలసీలవాళ్లకు ఇది ఊరట. అయితే అన్ని పాలసీలకూ ఇది వర్తించదు. కంపెనీ డైరెక్టర్ల మీద క్లెయిములకు తీసుకునే క్లెయిమ్స్ మేడ్ పాలసీ, అంటే పాలసీ నడుస్తున్న కాలంలో వచ్చిన క్లెయిములకే పనిచేసే పాలసీ, ఒకటి 2016లో కోర్టుకు వచ్చింది. అలాంటి పాలసీలో, వ్యాపార అనుభవం ఉన్న కొనుగోలుదారు ఆలస్యంగా చెబితే, నష్టం చూపించాల్సిన పని కంపెనీకి లేదని తీర్పు వచ్చింది. చిన్న కన్సల్టెన్సీలు, ఐటీ కంపెనీలు నడిపే మనవాళ్లు తమ పాలసీ ఏ రకమో ఏజెంటును అడిగి తెలుసుకోవాలి.

మినహాయింపుల సంగతీ చూద్దాం. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ ఉక్రెయిన్‌లో వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ద్వారా పాకింది. న్యూజెర్సీకి చెందిన మెర్క్ మందుల కంపెనీలో 40,000 పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. నష్టం 140 కోట్ల డాలర్లని కంపెనీ చెప్పింది. ఇది యుద్ధ చర్య, యుద్ధాన్ని పాలసీలో మినహాయించాం, కాబట్టి ఇవ్వం అన్నాయి ఇన్సూరెన్స్ కంపెనీలు. 2023 మే 1న రాష్ట్ర అప్పీలు కోర్టు ఆ వాదన కొట్టేసింది. యుద్ధం అని రాసుకున్న మాటను, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ద్వారా వచ్చిన దాడి దాకా సాగదీయలేమంది. 2024 జనవరిలో రెండు పక్షాలూ రాజీపడ్డాయి.

కోర్టులు ఎప్పుడూ పాలసీదారు పక్షమే అనుకోకండి. 2022లో కిటికీ బ్లైండ్ల కంపెనీ పాలసీ ఒకటి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. న్యూయార్క్‌లోని కొన్ని కౌంటీల్లో చేసే పనులతో ఏ విధమైన సంబంధం ఉన్నా వర్తించదని అందులో రాసి ఉంది. అప్పీలు కోర్టు పాలసీదారు వైపు మొగ్గింది. సుప్రీంకోర్టు మాత్రం రాసిన మాట స్పష్టంగా ఉంది, అది అమలు కావాల్సిందే అంది. 2024 జనవరిలో అట్లాంటిక్ సిటీలోని ఓషన్ కాసినో కేసూ అంతే. కోవిడ్ మూసివేత వల్ల ఆదాయం పోవడం భౌతిక నష్టం కాదంది. మినహాయింపు పేజీలో మాట స్పష్టంగా ఉంటే అది మీ మీద పనిచేస్తుంది. అస్పష్టంగా ఉంటే కంపెనీ మీద పనిచేస్తుంది. కాబట్టి ఆ పేజీ చదవండి.

మున్సిపాలిటీ, ఇన్సూరెన్స్ రెండూ కలిసే చోటు ఇంకొకటి ఉంది. ఇల్లు అద్దెకిచ్చే వాళ్లందరికీ ఇది అవసరం. 2022 నవంబరు నుంచి న్యూజెర్సీలో ఒక చట్టం అమల్లో ఉంది. వ్యాపారం ఉన్నవాళ్లు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కనీసం 5 లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. నాలుగు లేదా అంతకంటే తక్కువ వాటాలున్న ఇంట్లో యజమాని కూడా ఉంటే 3 లక్షల డాలర్లు చాలు. ఆ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ ఏటా మున్సిపాలిటీలో నమోదు చేయించాలి. చేయకపోతే 500 నుంచి 5,000 డాలర్ల దాకా జరిమానా. పాత టౌన్‌హౌస్ అద్దెకిచ్చి కొత్త ఇంట్లోకి మారిన కుటుంబాలు మన దగ్గర ఎన్నో. అద్దె ప్రతి నెలా వస్తోంది, సర్టిఫికెట్ మాత్రం ఇంకా సొరుగులోనే ఉంటుంది. అది ఈ ఏడాది మున్సిపాలిటీకి చేరిందో లేదో చూసుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పనులు చెప్పుకుందాం. ఇంట్లో ఎవరైనా బయట పడ్డారనుకోండి. ముందు వైద్యం. ఆ రోజే ఎవరో ఒకరు ఆ చోటికి వెళ్లి ఫోటోలు తీయాలి. పగులు పక్కన ఒక స్కేలు పెట్టి తీయండి. ఎంత ఎత్తు లేచిందో కనిపించాలి. కొంచెం దూరం నుంచి ఇంకో ఫోటో. పక్కనున్న ఇంటి నంబరో, కరెంటు స్తంభం మీద నంబరో అందులో పడాలి. రెండు వారాల తర్వాత వెళ్తే అక్కడ కొత్త సిమెంటు కనిపించొచ్చు.

తర్వాత అది ఎవరిదో కనుక్కోవాలి. రోడ్డు టౌన్‌షిప్‌దా, కౌంటీదా, రాష్ట్రానిదా? పైపు నీటి సంస్థదా, మురుగునీటి అథారిటీదా? మున్సిపల్ క్లర్కుకు ఓపెన్ పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద దరఖాస్తు పెడితే మామూలుగా ఏడు పనిదినాల్లో జవాబు రావాలి. అనుమానం తీరకపోతే, అనుమానం ఉన్న ప్రతి సంస్థకూ ఒక్కో నోటీసు పంపండి. ఎక్కువ నోటీసులు పంపినందువల్ల కేసు పోదు. తక్కువ పంపితే పోవచ్చు. ఎగ్ హార్బర్ పైపు కేసు అదే కదా.

నోటీసులో దెబ్బ తగిలినవాళ్ల పేరు, చిరునామా ఉండాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో ఉండాలి. ఏ దెబ్బ తగిలిందో, ఎంత పరిహారం అడుగుతున్నారో ఉండాలి. చాలా మున్సిపాలిటీలకు సొంత ఫారం ఉంటుంది, క్లర్కు ఆఫీసులో అడిగితే ఇస్తారు. అమ్మ తిరిగి ఊరెళ్లిపోయినా భయం లేదు, ఆమె తరఫున మరొకరు సంతకం చేయొచ్చు. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, వెనక్కి వచ్చే రసీదు దాచుకోండి.

ఇది సాధారణ సమాచారం. ఒక్కో కేసు ఒక్కో తీరుగా ఉంటుంది. మైనర్లకు దెబ్బ తగిలితే గడువు లెక్క వేరు. అందుకే లాయరును కలవండి. మొదటి నెలలోనే కలవండి, మూడో నెల దాకా ఆగకండి.

మరోసారి చెప్పుకుందాం. 90 రోజులు, పడిన రోజు నుంచే. సరైన సంస్థకు, అనుమానం ఉంటే అందరికీ. రాతలో, రసీదుతో. ఈ చలికాలం పిల్లల దగ్గరికి వస్తున్న పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఈ మూడు మాటలూ ఫ్రిజ్ తలుపు మీద రాసిపెట్టండి. ఇప్పటికే ఇంట్లో ఎవరైనా పడి ఉంటే, ఆ తారీఖు నుంచి రోజులు ఇప్పుడే లెక్కపెట్టండి. గడువు ఇంకా మిగిలి ఉంటే, రేపు పొద్దున్నే మున్సిపల్ క్లర్కు ఆఫీసుకు ఫోన్ చేసి నోటీసు ఫారం అడగండి.